నెల్లూరు ఎండకు పీవైఎమ్‌టీ ఎలుకలు: దేనికి పనికొస్తాయి, ఎక్కడ బోల్తా కొట్టిస్తాయి

రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఒకే ఒక్క రకం మ్యుటెంట్ (జన్యువు మార్చిన) ఎలుకను పెంచే స్తోమత ఉంటే ఏది తెచ్చుకోవాలి? మా జవాబు ఎమ్ఎమ్‌టీవీ-పీవైఎమ్‌టీ. ఐదుకు మూడున్నర మార్కులు. తగ్గించిన ఒకటిన్నరలో సగం ఎలుక పాపం, మిగతా సగం నెల్లూరు, ఒంగోలు ఎండలది.

ముందు సరుకు సంగతి. తల్లి పాల ద్వారా పిల్లలకు అంటుకుని రొమ్ము గడ్డలు తెప్పించే వైరస్ ఎలుకల్లో ఒకటుంది, దాని పేరే ఎమ్ఎమ్‌టీవీ. దాని ప్రమోటర్, అంటే జన్యువును నడిపించే స్విచ్, పాలగ్రంథి కణాల్లో గట్టిగా పనిచేస్తుంది. ఆ ప్రమోటర్‌కు పాలియోమా వైరస్ మిడిల్-టీ (పీవైఎమ్‌టీ) జన్యువును తగిలించి 1992లో గై, కార్డిఫ్, ముల్లర్ అనే పరిశోధకులు ఈ ఎలుకను బయటపెట్టారు. మిడిల్-టీ కణంలోకి వెళ్లి కణాన్ని పెరగమని పురమాయించే సార్క్, పీఐ3కే అనే ప్రొటీన్లను పట్టుకుంటుంది. మనుషుల్లో హెర్2 అనే పెరుగుదల రిసెప్టర్ మితిమీరినప్పుడు లోపల జరిగే గోల దాదాపు ఇదే. ప్రయోగాల ఎలుకలమ్మే అమెరికా సంస్థ జాక్సన్ ల్యాబొరేటరీలో దీని స్టాక్ నంబరు 002374, ఎఫ్‌వీబీ/ఎన్ అనే తెల్ల ఎలుకల జాతి మీద. ఈ దారికి ఆద్యులు 1984లో అదే ప్రమోటర్‌కు మిక్ అనే క్యాన్సర్ జన్యువును తగిలించి ఎమ్ఎమ్‌టీవీ-మిక్ ఎలుకను చేసిన హార్వర్డ్ వాళ్లు. 1988లో అమెరికా పేటెంట్ కూడా పట్టేశారు.

పనితనానికి వంక పెట్టలేం. ఆడ ఎలుకకు చూలు అక్కర్లేదు, క్యాన్సర్ తెప్పించే మందు పెట్టక్కర్లేదు. సగటున 53 రోజులకే గడ్డ వేలికి తగులుతుంది. గడ్డలున్న ఆడవాటిలో నూటికి 80కి పైగా ఊపిరితిత్తులకు పాకుతుంది. పుట్టిన 14 వారాల్లోపే మామూలు గ్రంథి నుంచి హైపర్‌ప్లేసియా (కణాలు అతిగా పెరగడం), అడినోమా (మామూలు గడ్డ), కార్సినోమా (క్యాన్సర్ గడ్డ) మీదుగా మెటాస్టాసిస్ (వేరే అవయవానికి పాకడం) దాకా మొత్తం వరస కళ్లముందు నడుస్తుంది. ఎమ్‌ఫార్మ్ ప్రాజెక్టుకు చేతిలో ఉండే ఎనిమిది తొమ్మిది నెలల్లో ఇంత చూపించే ట్రాన్స్‌జెనిక్ (బయటి జన్యువు ఎక్కించిన) ఎలుక మరొకటి మాకు తెలీదు.

ఇక పెంపకం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాజిటివ్, అంటే ఈ జన్యువున్న, ఆడదాన్ని ఈతకు పెట్టకూడదు. గ్రంథి నిండా గడ్డలే, పాలు రావు, పిల్లలు ఎండిపోతాయి. పాజిటివ్ మగదాన్ని వైల్డ్ టైప్ (ఈ జన్యువు లేని) ఎఫ్‌వీబీ ఆడదానితో కట్టించాలి. మగవాటికీ గడ్డలొస్తాయి, కాకపోతే ఆలస్యంగా. అందుకని 7-8 వారాలకు పనిలోకి దించి, నాలుగు నెలలు నిండేలోపు మార్చేయాలి.

లెక్క ముందే వేసుకోండి. ఈతకు ఎనిమిది పిల్లలనుకుంటే నాలుగు పాజిటివ్, అందులో రెండే ఆడవి. గ్రూపుకు 12 చొప్పున రెండు గ్రూపులంటే 24 ఆడ ఎలుకలు, అంటే 96 పిల్లలు, అంటే 12 ఈతలు. చూలు నిలవనివి, పిల్లల్ని తినేసేవి కలుపుకుని 15 ఆడవాటిని పెట్టాలి. అన్నీ ఒకే వారంలో ఈనాలి కూడా. ఎందుకంటే ఈ ఎలుకకు గడ్డ వయసే గడియారం. పది రోజులు పెద్దదైన ఎలుకను ఎదుటి గ్రూపులో కూర్చోబెడితే మందు పనిచేసిందో, వయసు తేడా చూపించిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. దీనికి పాత చిట్కా ఒకటుంది. మగదాని కేజ్‌లోని మురికి బెడ్డింగ్ గుప్పెడు తీసి మూడు రోజుల ముందు ఆడవాటి కేజ్‌లో వేయాలి. ఆ వాసనకు ఎక్కువ భాగం ఆడవి ఒకేసారి ఎదకొస్తాయి. మూడో రాత్రి కట్టించి, తెల్లారగానే ప్లగ్, అంటే కట్టినట్టు గుర్తుగా యోనిలో గట్టిపడే బిరడా, ఉందేమో చూడాలి. మధ్యాహ్నానికి అది రాలిపోతుంది. 19 నుంచి 21 రోజులకు ఈనుతుంది, మరో 21 రోజులకు పిల్లల్ని వేరు చేయాలి.

ఎండ విషయానికొద్దాం. కత్తెరలో బయట 42, 43 ఉన్నప్పుడు గదిని 22-24 మధ్య నిలపాలంటే ఒక ఏసీ చాలదు. రెండు ఏసీలు వంతులవారీగా నడవాలి, జనరేటర్ దానంతటదే అందుకోవాలి. వాచ్‌మన్ లేచి స్విచ్ వేసే పద్ధతి మీద మ్యుటెంట్ కాలనీ బతకదు. వేడికి ముందు పోయేది మగవాటి వీర్యం. ఆ దెబ్బ ఆ రోజు కనపడదు, నెలన్నర తర్వాత చూలు నిలవకపోతే తెలుస్తుంది. రెండోది ఇంకా సూక్ష్మం. 22 డిగ్రీలు మనకు హాయి, ఎలుకకు చలి. 30 దగ్గర ఉంచిన ఎలుకల్లో కొన్ని రకాల గడ్డలు నెమ్మదిగా పెరుగుతాయని, చలి వాటి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని 2013లో తేలింది. కాబట్టి రోజూ మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయి గది 31కి ఎక్కి మళ్లీ దిగితే, ఎలుక చావకపోయినా గ్రాఫ్ చస్తుంది. అనుమతుల నిబంధన 18-29 మధ్య ఎక్కడున్నా ఒప్పుకుంటుంది కానీ ఈ ప్రయోగం ఒప్పుకోదు. అతి ఎక్కువ, అతి తక్కువ రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ కేజ్ ఎత్తులో కట్టి, రోజూ ఉదయం రాసుకోండి. గోడమీది ఏసీ డిస్‌ప్లేను నమ్మొద్దు.

చీమల్ని మరిచిపోతే బాధపడతారు. ఈనిన రాత్రే ఎర్రచీమలు పట్టి పొద్దుటికి పిల్లల్ని పాడుచేస్తాయి. ర్యాకు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మీగడ గిన్నెకు వంటింట్లో చేసే పనే, ఇక్కడా అదే మందు. నీళ్లలో సబ్బు చుక్క వేస్తే చీమలు తేలకుండా మునుగుతాయి.

బెడ్డింగ్ మీద మా అభిప్రాయం గట్టిది. జిల్లాలో రైస్ మిల్లులకు కొదవలేదు, వరి ఊక దాదాపు ఉచితం. మామూలు కాలనీకి ఊక వాడుకోవచ్చు. దుమ్ము జల్లించి, పలచటి సంచుల్లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, పూర్తిగా ఆరాకే వేయాలి. తడి మిగిలితే బూజు, ఆపైన అమోనియా. మొక్కజొన్న కండె పొడి వాసన తక్కువని అందరూ ఎగబడతారు. కానీ అందులోని కొన్ని పదార్థాలు ఆడ ఎలుకల హార్మోన్ చక్రాన్ని దెబ్బతీస్తాయని పరిశోధనల్లో తేలింది. రొమ్ము గడ్డల మీద పనిచేస్తూ దాన్ని వాడటం చెయ్యి తెగిందని ఉప్పు రుద్దుకోవడమే. దేవదారు, పైన్ పొట్టు లివర్ ఎంజైములను లేపుతుంది, మందుల మోతాదు లెక్కలు తారుమారవుతాయి. మేతలో సోయా ఉంటే అందులోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌లా నటిస్తాయి. సోయా లేని మేత దొరక్కపోతే కనీసం ప్రయోగం మొత్తానికీ ఒకే లాట్ కొని పెట్టుకోండి.

జీనోటైపింగ్, అంటే ఏ పిల్లకు ఈ జన్యువుందో తేల్చే పరీక్ష, మాత్రం మన దగ్గర సులువు. రొయ్యపిల్లలకు తెల్లమచ్చ పరీక్ష చేసే ల్యాబులు తీరం పొడుగునా ఉన్నాయి, అక్కడుండే పీసీఆర్ మెషీనే దీనికీ సరిపోతుంది. చెవి ముక్క 2 మిల్లీమీటర్లు తీసి, 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 75 మైక్రోలీటర్లలో వేసి, 95 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచాలి. చల్లారాక అంతే పరిమాణంలో 40 మిల్లీమోలార్ ట్రిస్ కలపాలి. అందులోంచి ఒకటి రెండు మైక్రోలీటర్లు చాలు. పాజిటివ్ అయితే 556 బేస్ పెయిర్ల దగ్గర బ్యాండ్ వస్తుంది. ఎలుక సొంత జన్యువుకు కంట్రోల్ ప్రైమర్లు (పీసీఆర్‌కు దారి చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) కూడా అదే ట్యూబులో వేయాలి. లేకపోతే డీఎన్‌ఏ రాని ట్యూబ్ కూడా నెగెటివ్ లాగే కనిపిస్తుంది. చెవి కోసే పనిముట్టు తుడవకపోతే పక్కదాని ముక్క అంటి లేని బ్యాండ్ వస్తుంది. వైల్డ్ టైప్ కేజ్‌లో పదో వారానికి గడ్డ తేలిందంటే తప్పు ఎలుకది కాదు, ఆ ట్యూబుది.

కొలతల్లో ఒక్క జాగ్రత్త. ఆడ ఎలుకకు గ్రంథులు పది, మూడు జతలు ఛాతీ వైపు, రెండు జతలు గజ్జల వైపు. ఐదో వారం నుంచి వారానికి రెండుసార్లు పదీ తడమాలి. మెడ దగ్గరి మొదటి జతలో గడ్డ లాలాజల గ్రంథిలా అనిపించి జారిపోతుంది, అక్కడే ఎక్కువ పొరపాట్లు. వెర్నియర్‌తో పొడుగు, వెడల్పు చూసి, వెడల్పును వెడల్పుతో, ఆపైన పొడుగుతో గుణించి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం. ఈ ఎలుకలో పదిచోట్లా మొలుస్తాయి కాబట్టి అన్నీ కూడిన మొత్తాన్నే చూడాలి. అది 2000 ఘనపు మిల్లీమీటర్లు దాటినా, ఏ గడ్డ పుండైనా, బరువు ఐదో వంతు తగ్గినా ఆ ఎలుకను ఆపేయాలి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫారంలో ఇది ముందే రాయండి. జన్యుమార్పిడి ఎలుక కాబట్టి బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా వేరుగా కావాలి.

తొలిదశ చూడాలంటే ఐదారు వారాలకు నాలుగో గ్రంథిని తీసి స్లైడు మీద పరిచి కార్మైన్ ఆలమ్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున జైలీన్‌లో తేటపడ్డాక రావి ఆకు ఈనెల్లా నాళాలు, మధ్యలో గింజలా లింఫ్ నోడ్. చనుమొన వైపు ఈనెల మీద ఎర్రగా ముద్దలు కట్టి ఉంటే వ్యాధి మొదలైనట్టే. ఊపిరితిత్తుల్లో పైకి కనిపించే తెల్ల చుక్కల్ని లెక్కపెట్టి సరిపెట్టొద్దు. ఫార్మలిన్ ఎక్కించి ఉబ్బించి, 100 మైక్రాన్లకొకటి చొప్పున కోతలు తీస్తేనే చిన్నవి దొరుకుతాయి.

ఎలుక సొంత లోపాలు ఇవి. మిడిల్-టీ మనుషుల రొమ్ము క్యాన్సర్‌లో ఉండదు. వ్యాధి ముదిరేకొద్దీ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పోతుంది, అందువల్ల ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ లాంటి మందులు పరీక్షించడానికి ఇది తగదు. మనుషుల్లో ఎముకకు పాకడం ఎక్కువ, ఇది ఊపిరితిత్తులకే పోతుంది. హార్మోన్ మీద ఆధారపడ్డ గడ్డలే కావాలంటే మన ఫార్మసీ కాలేజీల పాత పద్ధతి, డీఎమ్‌బీఏ అనే క్యాన్సర్ తెప్పించే రసాయనం పట్టించిన స్ప్రాగ్-డావ్లీ జాతి పెద్ద ఎలుకలే (ర్యాట్) నయం. హెర్2 కోసమని ఎమ్ఎమ్‌టీవీ-న్యూ తెప్పించేవాళ్లు ఒకటి గమనించాలి. అందులో ఉన్నది హెర్2కు సాటి అయిన పెద్ద ఎలుక న్యూ జన్యువు, దానికి హెర్2 మీద వాడే మందు ట్రాస్టుజుమాబ్ అతుక్కోదు. పైగా సగం ఎలుకలకు గడ్డ రావడానికి ఏడు నెలలు పడుతుంది.

వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్ జన్యువు బీఆర్‌సీఏ1 సంగతి మరీ చిక్కు. ఒక కాపీ పోయిన ఆడమనిషికి ముప్పు ఎక్కువ, ఒక కాపీ పోయిన ఎలుక మాత్రం గుండ్రాయిలా తిరుగుతుంది. రెండూ తీసేస్తే కడుపులోనే పోతుంది. అందుకే క్రే-లాక్స్ పద్ధతిలో (కోరిన చోటే జన్యువును కత్తిరించే పద్ధతి) కొన్ని కణజాలాల్లోనే కోసి, క్యాన్సర్‌ను ఆపే పీ53 జన్యువును కూడా జతగా తీసేశారు. అప్పుడు కూడా గడ్డకు ఏడు నెలలు ఆగాలి, మూడు జన్యువులకు జీనోటైపింగ్ చేయాలి. ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మందుకు ప్రతిఘటన ఎలా పుడుతుందో, కణం పొరలోని పీ-గ్లైకోప్రోటీన్ ఆ మందును ఎలా బయటికి తోసేస్తుందో 2008లో చూపించింది ఈ ఎలుకలే. గొప్ప సరుకు, కాకపోతే 40 కేజ్‌ల గదికి కాదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు 'పీవైఎమ్‌టీ' అని మాత్రం రాస్తే ఏదొస్తుందో చెప్పలేం. ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయినట్టు, ఈ జన్యువు కూడా వేరే జాతి మీదికి ఎక్కితే వేరే ఎలుక అవుతుంది. సీ57 నల్ల ఎలుకల మీద గడ్డ సుమారు మూడు నెలలకు గానీ తేలదు. ఇమ్యునాలజీ పనికి అది మేలు, తొందర ఉన్నవాళ్లకు కాదు. జాతి పేరు, ఎన్ని తరాలుగా బ్యాక్‌క్రాస్ చేశారో (అదే జాతితో మళ్లీ మళ్లీ కట్టించారో), ఆర్నెల్లలోపు ఆరోగ్య పరీక్ష నివేదిక, ఈ మూడూ కాగితం మీద అడగండి. తెల్ల ఎఫ్‌వీబీలు రెటీనా లోపంతో పాలు మానే వయసుకే గుడ్డివైపోతాయి, జబ్బు పడిందనుకుని వాపసు పంపొద్దు. హైదరాబాద్ నుంచి వస్తుంటే రాత్రి ప్రయాణం, ఏసీ బండి, సీసాకు బదులు నీటి జెల్. సీసా కారితే తడిసిన ఎలుక ఏసీలోనే చలికి పోతుంది. దిగాక వారం రోజులు ముట్టుకోకుండా వదిలేసి, వేరే గదిలో ఉంచి, ఆ తర్వాతే కాలనీలో కలపండి.