నాటాల్ ఓడ జాబితాలు: మూడేళ్లు వెతికాక నా మాట

"మా చినమావ ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు" అని మా నాయనమ్మ ఎప్పుడూ అంటుండేది. ఆయన మా ముత్తాత తమ్ముడు. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. ఆయన గురించి ఇంట్లో ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

మూడేళ్లుగా ఆయన కోసం నేను తిరగేస్తున్నవి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన కూలీల ఓడ జాబితాలు. డర్బన్‌లోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా ఇవి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడ మొదలు 1911 దాకా సుమారు 1,52,000 మంది అలా వెళ్లారు. జాబితాలో మనిషికో వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. సెంటు భూమి లేనివాడి పేరు కరణం లెక్కల్లో వెతికినా దొరకదు. ఇక్కడ అలాంటివాడి మోకాలి మీది గాయం కూడా రాసి ఉంది.

మొదటి ఏడాదంతా పేరుతో వెతికి నష్టపోయాను. ఇంటిపేరు ఉండదు. రాసుకున్న గుమస్తాలు చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశారు. అప్పలస్వామి ఒకచోట అప్పలసామి, ఇంకోచోట అపల్సామి. మధ్యలో డబ్బు కట్టించుకునే ఒక వెబ్‌సైట్‌లో కూడా చేరాను. మన పల్లెల గురించి అందులో ఏమీ దొరకలేదు.

దారి చూపింది మా చిన్న నాయనమ్మే. బెల్లం వండుతుంటే పాకం చింది చిన్నప్పుడే ఆయన ఎడమ మోచెయ్యి కాలిందని ఆవిడ విందట. ఇక పేరు పక్కన పెట్టి, విశాఖపట్నం జిల్లా వరకు విడదీసి, మచ్చల గడి ఒక్కటే వరుసగా చదువుకుంటూ పోయాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటసేపు, దాదాపు మూడు వారాలు. ఒక వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది: వయసు 22, ఎత్తు 64 అంగుళాలు, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. ఊరి పేరులో రెండక్షరాలు తేడా. తండ్రి పేరు మాత్రం, 2015 గోదావరి పుష్కరాల్లో పిండం పెడుతూ మా నాన్న చెప్పిన మూడు తరాల పేర్లలో చివరిదే. నాన్నకు చదివి వినిపిస్తుంటే నాకు గొంతు పెగల్లేదు.

అక్కడి నుంచి ఆయన ఎలా బతికాడో ఈ జాబితా చెప్పదు. దానికి, వంశ వివరాలు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉన్న నాటాల్ వారసత్వ ఫైళ్లు (చనిపోయినవాళ్ల ఆస్తి కాగితాలు) చూడాలి. అక్కడి మరణ నోటీసులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు అడుగుతారు. అకౌంట్ ఉచితమే. కానీ తండ్రి పేరో కులం పేరో అక్కడ ఇంటిపేరుగా మారిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, మన ఇంటిపేరుతో వెతికి లాభం లేదు. ఓడ జాబితాలోని నంబరు దగ్గర పెట్టుకోండి, ఆ మనిషిని గుర్తుపట్టడానికి అదే గట్టి ఆధారం.

ఉత్తరాంధ్రలో ఇలా ఓడెక్కినవాళ్ల ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఈ జాబితా తెరవకముందే, ఓడెక్కి పోయిన మనిషి ఒంటి మీది మచ్చల గురించి అడిగి రాసుకోండి. మా చిన్న నాయనమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఆయన పిల్లల పేర్లు ఆవిడకు వినిపించాలని రోజూ ఆ ఫైళ్లు తిరగేస్తున్నాను.