ట్రిగరైందన్నారు, అమ్ముడుపోలేదు: ఒక ట్రేడింగ్ యాప్‌తో నా అనుభవం

ఖాతా ఎలా తెరవాలి, బ్రోకరేజీ ఎంత, చార్టులు ఎలా ఉంటాయి అన్నవి అందరూ రాసేశారు. నేను చెప్పాలనుకున్నది అందులోని జీటీటీ (గుడ్ టిల్ ట్రిగర్డ్) అనే ఆర్డరు ఒక్కదాని గురించే.

మాది పర్లాకిమిడి, బజారులో కిరాణా కొట్టు. షేర్ మార్కెట్ తొమ్మిదింపావుకి తెరుస్తారు. గుమ్మ, కాశీనగర్ వైపు బస్సులు దిగిన జనం కొట్టుకొచ్చేదీ అప్పుడే. ఒక చేత్తో పప్పు తూస్తూ ఇంకో చేత్తో షేర్లు అమ్మడం నా వల్ల కాదు. ధర మనం చెప్పిన చోటికి రాగానే ఆర్డరు దానంతట అదే పడిపోయే ఈ ఏర్పాటు చూసి, మనం లేకపోయినా కాపలావాడున్నాడని మురిసిపోయి ఊరంతా చెప్పాను. పాతపట్నంలో ఉండే మా బావమరిది చేత కూడా ఇదే యాప్ వేయించాను.

2021లో ఇంటర్నెట్ కంపెనీల పబ్లిక్ ఇష్యూల హడావుడి గుర్తుండే ఉంటుంది. 76 రూపాయలకి ఇచ్చిన జొమాటో షేరు జూలై 23న 115 పైన లిస్టయింది. ఇష్యూలో మాకు రాలేదు. ఆ ఏడాది చివర్లో 130 దగ్గర ఇద్దరం కొన్నాం. మరుసటి ఏడాది వానాకాలానికి సగం కూడా మిగల్లేదు. మార్కెట్ మూసేశాక ధర మారదని తెలిసినా రాత్రి ఫోన్ తీయడం, చూడ్డం, పెట్టేయడం, మళ్లీ తీయడం. "ఇవాళ ఎంతుంది?" అని మా ఆవిడ బియ్యం బస్తా రేటు అడిగితే నేను షేరు ధర చెప్పాను. ఇంక చాలనుకుని, అప్పటి ధరకి కాస్త దిగువన ట్రిగరు (ఆర్డరు కదలాల్సిన ధర), దానికి పావలా కింద లిమిటు (ఇంతకన్నా తక్కువకి అమ్మొద్దనే ధర) పెట్టాను. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

2022 జూలై 25, సోమవారం. ఇష్యూకి ముందు నుంచీ ఉన్న వాటాదార్లకి ఏడాది లాకిన్ (షేర్లు అమ్మకూడదన్న గడువు) తీరాక మార్కెట్ తెరిచిన మొదటి రోజు. పొద్దున్నే ఫోన్ మోగింది: మీ జీటీటీ ట్రిగరైంది, పక్కన ఆకుపచ్చ టిక్కు. పోయింది పోగా మిగిలింది చేతికొచ్చిందనుకుని, ఫోన్ గల్లాపెట్టెలో పడేసి బేరాలు చూసుకున్నాను. సాయంత్రం బావమరిది ఫోను. "బావా, నీ కాపలావాడు నిద్రపోయాడా?" తెరిచి చూస్తే షేర్లన్నీ అలాగే ఉన్నాయి.

జరిగిందేమిటంటే, ట్రిగరు తగలగానే యాప్ నా లిమిటు ధరకి అమ్మకం ఆర్డరు పెట్టింది. అప్పటికే ధర లిమిటుని దాటేసి కిందికి దూకింది. ఆ రేటుకి కొనేవాడు లేడు. మూడున్నరకి మార్కెట్ మూసేయగానే ఆర్డరు రద్దయింది. ట్రిగరు ఒకసారి తగిలాక జీటీటీ పని కూడా అయిపోయినట్టే, మర్నాటికి అది లేదు. షేరు ఆ ఒక్కరోజే పది శాతం పైన పడింది, అదే వారంలో 41 కిందికీ వెళ్లింది. ట్రిగరైందని అంత సంబరంగా మోగిన ఫోను, అమ్ముడుపోలేదని ఒక్క ముక్క చెప్పలేదు. నాకు మంట అక్కడే. కస్టమర్ కేర్‌కి చేస్తే, నిబంధనల్లో రాసే ఉంది సార్ అన్నారు. ఉంది, చిన్న అక్షరాల్లో.

విచిత్రమేమిటంటే, అమ్ముడుపోకపోవడమే చివరికి మంచిదైంది. 2024 జనవరిలో ధర మళ్లీ 130 దాటింది. ఆ రోజే అమ్మేశాను. లాభం కోసం కాదు, ఫోన్ తీసి చూసే పీడ వదిలితే చాలనిపించి. ఆ డిసెంబరులో అది 300 దాటింది. బావమరిది అమ్మలేదు. పండగకి వచ్చినప్పుడు ఆ సంగతి ఎత్తడు, మర్యాదస్తుడు.

కాబట్టి జీటీటీ పనికిమాలినదని అనను. కొనడానికి ఇప్పటికీ అదే వాడతాను. అమ్మడానికైతే ట్రిగరుకీ లిమిటుకీ మధ్య పావలా కాదు, రూపాయల్లో ఎడం పెడతాను. ట్రిగరు మోగితే బేరం ఆపి ఆర్డర్ల పేజీ చూస్తాను. మరి ఇంక కాపలావాడెందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమే. ఈ మధ్య ఆప్షన్ల (షేరు ధర ఎటు పోతుందన్న దాని మీద పందెంలాంటి ఒప్పందాల) మీట కూడా మొదటి పేజీలోనే తెచ్చి పెట్టారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్‌ని నియంత్రించే సెబీయే చెప్పింది. దాని జోలికి పోలేదు కనక మార్కులు వేయను.

పగలంతా స్క్రీన్ ముందు కూర్చునే ఉద్యోగులకి నాలుగు చుక్కలు ఇవ్వొచ్చేమో. కొట్టు నడుపుకునే నాలాంటివాడి లెక్కలో ఐదుకి మూడు, సిగ్నలు సరిగ్గా ఉన్న రోజున మూడున్నర.