దుమ్ము వేయాలంటే ఈ కాగితమే: ఆర్చెస్ కోల్డ్ ప్రెస్ 300 జీఎస్ఎమ్

కౌబాయ్ బొమ్మలో గుర్రం కంటే కష్టం దుమ్ము. 1867 నుంచి టెక్సాస్ లాంగ్‌హార్న్ (పొడవు కొమ్ముల) పశువుల మందలను చిషోల్మ్ దారి వెంట కాన్సస్‌లోని అబిలీన్‌కు తోలేవారు. మంద తోక దగ్గరుండే డ్రాగ్ రైడర్లకు రోజంతా దుమ్మే. ఆ దుమ్మును వాటర్‌కలర్‌లో రప్పించాలంటే మంచి రంగులు చాలవు, కాగితం తట్టుకోవాలి. ఆర్చెస్ అనే ఈ వాటర్‌కలర్ కాగితం తట్టుకుంటుంది. కోల్డ్ ప్రెస్ అంటే పైభాగం కాస్త గరుకు, 300 జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు.

ఇది నూరు శాతం కాటన్. జెలటిన్ సైజింగ్ (నీటిని త్వరగా పీల్చనివ్వని జిగురు) లోపలి దాకా ఉంటుంది కాబట్టి రంగు వెంటనే ఇంకిపోదు. కాగితమంతా తడిపి, పైన నీటి మెరుపు తగ్గేదాకా ఆగి, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు)లో కాస్త బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) కలిపి పలచగా పూయండి. ఆ తడిలోనే వెనక వరుస పశువులను చిక్కటి రంగుతో పెడితే అంచులు కరిగి దుమ్ములో కలుస్తాయి. కుంచెను ముందు గుడ్డకు అద్దడం మరవొద్దు, నీళ్లెక్కువైతే పువ్వు మచ్చలు పడతాయి.

అసలు సత్తా తెలిసేది ఆరాక. డెక్కల దగ్గర తడిపి, గట్టి కుంచెతో మెల్లగా రుద్ది గుడ్డతో అద్దితే రంగు లేచి దుమ్ము తెర వస్తుంది. చెక్కగుజ్జు కాగితమైతే ఈ పాటికి నూగు లేచిపోతుంది. ఆకాశానికి మాత్రం థాలో బ్లూ వద్దు, అది పట్టుకుంటే వదలదు. కోబాల్ట్ బ్లూ వాడండి.

పశువులను పట్టే లాసో తాడుకు మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, తర్వాత ఊడదీసే ద్రవం) సరిపోతుంది. బాగా ఆరిన కాగితం మీదే గీసి, పై పూత ఆరగానే తీసేయాలి. హెయిర్ డ్రయర్ వేడి తగిలినా, రోజుల తరబడి వదిలేసినా కాగితం పై పొరతో సహా ఊడి వస్తుంది. కౌబాయ్ ప్యాంటు మీద తొడిగే తోలు చాప్స్‌కు బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ నీలం కలిపి, దాదాపు పొడి కుంచెను పక్కకు వాల్చి లాగితే గరుకు మీద రంగు తెగుతూ పడి, అరిగిన తోలు దానంతటదే కనిపిస్తుంది.

ఆ గరుకే టోపీ నీడలోని ముఖాన్ని చెడగొడుతుంది. ముఖం బొటనవేలి గోరంతే ఉంటే నున్నగా ఉండే హాట్ ప్రెస్ తీసుకోండి. చిన్న కొలతను తక్కువ చేయకండి: 1886–87 చలికాలంలో మోంటానాలో కౌబాయ్ చిత్రకారుడు చార్లెస్ రస్సెల్ వేసిన బక్కచిక్కిన ఆవు బొమ్మ పోస్ట్‌కార్డంతే.

బ్లాక్ కొంటే షీట్లు అంచుల్లో అతికి ఉంటాయి. నీళ్లెక్కువైతే మధ్యలో ఉబ్బుతుంది, ఆరేకొద్దీ బిగుస్తుంది, అందాకా కోయకండి. తేమ చోట ఏళ్లపాటు ఉంటే సైజింగ్ చెడి రంగు అక్కడక్కడా చుక్కలుగా ఇంకుతుంది. పాత బ్లాకైతే ముందు ఒక మూల పూత వేసి చూసుకోండి.