ఐదు రోహిణి కార్తెలు చూసిన మా ఏసీ

2021 మార్చిలో కొన్న ఏసీ గురించి ఇప్పుడు రాస్తున్నాను. కొన్న నెలలోనే రాసి ఉంటే "చల్లగా ఉంది, చప్పుడు లేదు" అని రెండు ముక్కల్లో తేలిపోయేది. ఐదు వేసవులు, ఒక తుపాను, ఒక బల్లి దాటాక చెప్పవలసింది కాస్త పెరిగింది.

కంపెనీ పేరు రాయను. రాస్తే చదివేవాళ్లు ఆ పేరు పట్టుకుని కొట్టుకు వెళ్తారు, మిగిలిందంతా వదిలేస్తారు. నేను చేసింది అదే. నెల రోజుల పాటు కనిపించిన ప్రతివాళ్లనూ "ఏ కంపెనీ మంచిది?" అని అడిగాను. పదిమంది పది పేర్లు చెప్పారు. అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడుతున్నావని అడిగినవాడు ఒక్కడే, మా పాత ఏసీకి గ్యాస్ ఎక్కించే మెకానిక్ భాయ్.

మాది కావలి. పడకగది మేడ మీద ఉంది, దానిపైన మిద్దె తప్ప ఏమీ లేదు. పన్నెండు అడుగులకు పదకొండు, పడమటి గోడ సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. మే నెలలో పగలంతా పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. సాయంత్రానికి తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచి వస్తుంది. తిరగని రోజున రాత్రి పదకొండయినా గోడ మీద చెయ్యి ఆనించలేము. మనకు ప్రాణం పోసే ఆ గాలే ఏసీ ప్రాణం తీస్తుందని పాతది పోయేదాకా నాకు తెలియదు.

పాతది 2009లో కొన్నది. ఆర్-22 గ్యాస్, ఇన్వర్టర్ రకం (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునేది) కాదు. అవుట్‌డోర్‌ను తూర్పు సన్‌షేడ్ మీద, సరిగ్గా సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టారు. 2018 నుంచి మా ఇంట్లో ఉగాది పచ్చడి తర్వాత గ్యాస్ ఎక్కించడం ఆనవాయితీ అయింది. 2021 ఫిబ్రవరిలో భాయ్ వెనక జాలీ విప్పి, కాయిల్ మీది అల్యూమినియం రేకులను వేలితో మెల్లగా తాకాడు. బూజుపట్టిన అప్పడంలా పొడి రాలింది. కింద రాగి గొట్టం పచ్చగా చిలుముపట్టి ఉంది. "గ్యాస్ ఎక్కించమంటే ఎక్కిస్తాను సార్. డబ్బులు నాకొస్తాయి, గ్యాస్ గాల్లోకి పోతుంది" అన్నాడు. ఇంత నిజాయితీగా బేరం పోగొట్టుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నచోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం ముందు తినేసుకుపోతుంది. రేకులు పోతే వేడి బయటికి పోదు. అప్పుడు కంప్రెసర్ ఎంత కొట్టుకున్నా గది చల్లబడదు, మీటరు మాత్రం తిరుగుతుంది. పైగా ఆర్-22 ఓజోన్ పొరకు చేటని మాంట్రియల్ ఒప్పందం కింద క్రమంగా తీసేస్తున్న గ్యాస్. దాన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

ఇక టన్నుల సంగతి, అంటే ఏసీకి ఉన్న చల్లబరిచే శక్తి. కొట్లో కుర్రవాడు రెండు టన్నులు తీసుకోమన్నాడు, ముందు జాగ్రత్తకట. మా బావమరిది ఒక టన్ను చాలన్నాడు. వాళ్లది కింది వాటా, వాళ్లకు చాలింది. లేబుల్ మీద రాసే చల్లదనం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. బయట వేడి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. రోహిణి కార్తెలో మాకు 42, 43 డిగ్రీలు వింత కాదు. అలాగని రెండు టన్నులది పెడితే చిన్న గది గబుక్కున చల్లబడి, మిషన్ నెమ్మదించి, గాలిలోని తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. మాలాంటి సముద్రపు ఊళ్లలో చల్లటి ఉక్కపోత అనే వింత బాధ అలాగే పుడుతుంది. మధ్యస్తంగా ఒకటిన్నర టన్నులది, ఆర్-32 గ్యాస్, ఇన్వర్టర్, ఐదు స్టార్లది తీసుకున్నాను. ఆ నిర్ణయం గురించి ఐదేళ్లలో ఒక్కసారీ బాధపడలేదు.

ఐదు స్టార్లకు మూడు స్టార్లదాని కంటే ఏడు వేలు ఎక్కువ పెట్టాను. లేబుల్ మీద వేసే ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. మేము మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రికి తొమ్మిది గంటలు వేస్తాం, అంటే రెండు వేల గంటలు దాటుతుంది. ఏడాదికి రెండు నెలలు మాత్రమే వాడేవాళ్లకు మూడు స్టార్లది చాలు. అన్నట్టు, 2022 జూలైలో స్టార్ల లెక్క బిగించారు. మాది గోడ మీద ఉన్నది ఉన్నట్టుగానే ఐదు నుంచి నాలుగు స్టార్లకు దిగింది. అందుకే రెండు ఏసీలను పోల్చేటప్పుడు స్టార్ల కంటే లేబుల్ మీద ఉండే ఐఎస్ఈఈఆర్ అంకె (తాగిన కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది) చూడటం మేలు. అంకె ఎంత పెద్దదైతే కరెంటు అంత ఆదా.

అసలు కథ బిగించే రోజున జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వచ్చీరాగానే "గోడలో ఉన్న పాత పైపే వాడేద్దాం సార్, ఖర్చు తగ్గుతుంది" అన్నారు. ఆర్-32 పీడనం ఆర్-22 కంటే చాలా ఎక్కువ, పైగా పాత పైపులో మిగిలిన నూనె కొత్త కంప్రెసర్ నూనెతో కలవదు. వద్దన్నాను. పాత సన్‌షేడ్ మీదే కూర్చోబెడదామన్నారు. అదీ వద్దన్నాను, ఉత్తరపు గోడకు పెట్టించాను. దానికి రెండు మీటర్ల పైపు అదనంగా పడింది, డబ్బు తీసుకున్నారు. ఇక మూడోది వ్యాక్యూమ్ పంపు, పైపులోని గాలిని, తేమను పీల్చేసేది. వాళ్ల సంచిలో అది లేదు. "కొంచెం గ్యాస్ వదిలి లోపలి గాలిని బయటికి తోసేస్తాం సార్, అందరికీ అంతే" అన్నారు. పైపులో గాలి, తేమ మిగిలితే లోపల ఆమ్లం పుట్టి నెమ్మదిగా కంప్రెసర్‌ను తింటుందని భాయ్ ముందే చెప్పి ఉన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని, "పంపు వచ్చేదాకా టీ తాగుదాం బాబూ" అన్నాను. రెండు టీలు, మూడు ఫోన్ల తర్వాత సాయంత్రం నాలుగింటికి పంపు వచ్చింది. అరగంట నడిపారు. నట్ల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగ రావడం లేదని చూపించారు. ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా గ్యాస్ ఎక్కించలేదు. ఆ పుణ్యం కంపెనీది కాదు, ఆ అరగంటది అని నా నమ్మకం.

కరెంటు బిల్లు చాలామంది అడిగేది కాబట్టి చెబుతాను. పాతదానికి మే నెలలో ఇల్లంతా కలిపి 520 యూనిట్లు వచ్చేవి. కొత్తది వచ్చాక అదే మే నెలకు 390. పడుకునే ముందు, లేవగానే మీటరు చూసి రాసుకుంటే పాతది రాత్రికి తొమ్మిదిన్నర, పది యూనిట్లు తాగేది. ఇది ఐదు, ఐదున్నర. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. తగ్గిన 130 యూనిట్లూ ఈ పై స్లాబుల్లోనివే కాబట్టి, నెలకు 1,250 రూపాయలు మిగిలినట్టు. ఏసీ యూనిట్లు ఎప్పుడూ బిల్లు పైమెట్టు మీదే కూర్చుంటాయి. సగటు ధరతో లెక్కవేస్తే ఆదా తక్కువగా కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత 26 మీద పెట్టి, ఫ్యాను రెండులో తిప్పుతాం. 2020 నుంచి ఏసీలు 24 మీద మొదలయ్యేలా చేయాలన్న నిబంధన ఉంది. మా అమ్మకు 26 కూడా చలే. ఆవిడ గదిలోకి వస్తే రిమోట్ ఆవిడ చేతిలోకి పోతుంది, 28కి వెళ్తుంది. ఏసీ వల్ల ఆవిడ ఒప్పుకునే లాభం ఒకటే, నీళ్లు. మా గాలిలో తేమకు ఉక్క రాత్రి ఒక బకెట్ దాకా నిండుతుంది. ఆ నీళ్లతోనే ఆవిడ మల్లెపాదులు బతుకుతున్నాయి. రెండో ఏడాది ఆ డ్రెయిన్ గొట్టంలో జిగట పేరుకుని నీళ్లు వెనక్కి తన్ని బీరువా మీద కారాయి. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు గొట్టం ఊదిస్తున్నాం.

నా సొంత తెలివి ఒకటి చెప్పాలి. 2022లో, ఉప్పుగాలి తగలకుండా అవుట్‌డోర్‌కు మూడు వైపులా, పైనా రేకులతో గూడు కట్టించాను. చూడటానికి ముచ్చటగా ఉంది. మే రెండో వారంలో అర్ధరాత్రి దాటినా గది చల్లబడలేదు. భాయ్ వచ్చి, గూట్లో చెయ్యి పెట్టి తీసేశాడు. "వంటింట్లో పొయ్యి వెలిగించి కిటికీలు మూసినట్టుంది సార్" అన్నాడు. అది వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీలుస్తోంది. రేకులు విప్పించి, పైన మాత్రం మూరెడు ఎత్తులో ఒక రేకు ఉంచాం. ఆ రాత్రే తేడా తెలిసింది.

ఉప్పుకు అసలు మందు కడగడమే. వేసవిలో నెలకోసారి కరెంటు ఆపి, సన్నటి ధారతో మున్సిపాలిటీ నీళ్లు పోస్తాను. బోరు నీళ్లు వాడను. మా వీధి బోర్లలో నీళ్లే ఉప్పన. కాయిల్ రేకులు ఐదేళ్లకూ బాగానే ఉన్నాయి, అక్కడక్కడా అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తోంది. స్టాండు మాత్రం దారుణం. మూడో ఏడాదికే బోల్టులు తుప్పుపట్టి, తెల్లగోడ మీద కుంకుమ నీళ్లు పోసినట్టు చారలు దిగాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు మార్పించాను. కొనేటప్పుడు కంపెనీవాళ్లు దీని మాటే ఎత్తరు.

ఇక బల్లి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పోయాక, కరెంటు వచ్చిన రెండో రోజు ఏసీ మొరాయించింది. దీపం వెలుగుతుంది, అవుట్‌డోర్ కదలదు. స్టెబిలైజర్ అక్కర్లేదన్న మాట నమ్మినందుకు నన్ను నేను తిట్టుకున్నాను, తుపానును తిట్టాను. పెట్టె విప్పితే పీసీబీ (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) మీద రెండు కాళ్లు రెండు చోట్ల ఆనించి, మాడిపోయిన బల్లి. బల్లి తల మీద పడితే ఫలమేమిటో, భుజం మీద పడితే ఏమిటో పంచాంగంలో ఉంటుంది. పీసీబీ మీద పడితే ఫలం ఏడున్నర వేలు. పురుగూపుట్రా వల్ల పోతే వారంటీ వర్తించదని కాగితం చివర చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కొత్త బోర్డు వేశాక వైరు దూరే కంతలను సన్నటి జాలీతో, సీలెంటుతో మూయించాను. స్టెబిలైజర్ కూడా పెట్టించాను. అది అవసరమో కాదో గాని, నిద్ర పడుతోంది.

ఒక్క విషయంలో ఏసీని తప్పుపట్టలేను గాని, జనం తప్పుపడుతుంటారు. పడుకున్న రెండు గంటల దాకా పై కప్పు నుంచి వేడి దిగుతూనే ఉంటే ఏ మిషనయినా ఏం చేస్తుంది? 2024 ఫిబ్రవరిలో మిద్దె మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించాను. అంతకుముందు అర్ధరాత్రికి గాని నెమ్మదించని అవుట్‌డోర్ చప్పుడు ఇప్పుడు పదిన్నరకే తగ్గుతోంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. అయినా అదే డబ్బు ఏసీలో పెట్టిన దానికంటే బాగా పనిచేసింది.

ఈ వేసవికి అమ్మ గదికి కూడా ఒకటి తీసుకుంటున్నాం. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, నేను అదనంగా కట్టిన పది శాతం తలుచుకుంటే కాస్త కడుపుమంట. అది కింది గది, నీడలో ఉంది కాబట్టి ఒక టన్ను. ఏ కంపెనీదో ఇంకా తేల్చలేదు. అవుట్‌డోర్ ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఉత్తరపు గోడ మీద సుద్దముక్కతో గీసిపెట్టాను. అమ్మ అది చూసి, "నీళ్ల గొట్టం మల్లెపాదు వైపు తిప్పించు" అంది.