అమెరికా థర్మోస్టాటు, హనుమకొండ కరెంటు

డాలస్‌లో ఉంటున్న మా అన్నగారి అబ్బాయి పంపిన స్మార్ట్ థర్మోస్టాటును (ఇంట్లోని వేడిని బట్టి ఏసీని నడిపి ఆపే పరికరం) హనుమకొండలోని మా ఇంటి పాత డక్టెడ్ ఏసీకి, అంటే గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపే ఏసీకి, బిగించాము. రోహిణి కార్తె ఎండల్లోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ వాడి చూశాను. హాలులో వేడిని సరిగ్గా పసిగట్టడంలో గానీ, బయట ఉన్నప్పుడు ఫోను నుంచి చెప్పిన మాట వినడంలో గానీ దానికి వంక పెట్టలేను. అయితే ఇలాంటిది తెప్పించుకోవచ్చా అని అడిగే బంధుమిత్రులకు నేను ముందుగా చెప్పేది ఆ సౌకర్యాల గురించి కాదు, దానికి అందే కరెంటు గురించే. మాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు అక్కడే పుట్టాయి.

అమెరికాలో చాలా ఇళ్లలో 120 వోల్టుల సరఫరాను ఏసీ యూనిట్‌లోని ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు 24 వోల్టులకు దించి గోడమీది థర్మోస్టాటుకు పంపుతుంది. మన సరఫరా 230 వోల్టులు; పైగా ఇక్కడి పాత డక్టెడ్ ఏసీలలో చాలావాటికి గోడమీది థర్మోస్టాటు తీగల్లోనే నేరుగా 230 వోల్టుల కరెంటు ప్రవహిస్తుంటుంది. అలాంటి తీగలను ఈ పరికరానికి కలిపితే అది ఆ క్షణమే కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే. అందువల్ల 230 నుంచి 24 వోల్టులకు దించే 40 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మరును విడిగా పెట్టించి, మధ్యలో రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లు) అమర్చిన తర్వాతే మా ఇంట్లో ఇది పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరును కూడా తెప్పించుకుందామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి; అది మన కరెంటుకు తట్టుకోదు.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. ఇంటింటా ఏసీలు, కూలర్లు నడిచే సాయంత్రం వేళ థర్మోస్టాటు తెర నల్లబడేది, యూనిట్‌లో కంప్రెసరుకు కరెంటు కలిపే స్విచ్ అయిన కాంటాక్టరు టకటకమని కొట్టుకునేది, రాత్రి పొద్దుపోయాక అంతా మళ్లీ మామూలయ్యేది. మొదట వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండానే బోర్డు పోయిందని, మార్చాలని తేల్చేశాడు. తర్వాత వచ్చిన కుర్రవాడు సంచిలోంచి మల్టీమీటరు తీసి, థర్మోస్టాటుకు 24 వోల్టులు అందించే ఆర్, సి అనే రెండు తీగల మధ్య కొలిచి చూశాడు. 24 ఉండవలసిన చోట 19 కూడా లేదు. ఇంట్లోకి వచ్చే కరెంటు ఆ సమయానికి 180 వోల్టుల దగ్గర ఉంది. మూలంలో 230 తగ్గి 180 అయితే, అదే నిష్పత్తిలో 24 కూడా 18.8కి పడిపోతుంది; కాంటాక్టరును గట్టిగా పట్టి ఉంచడానికి ఆ బలం చాలదు. "థర్మోస్టాటు మంచిగనే ఉన్నది సార్, దీనికి కరెంటే సరిపోతలేదు" అని అతను చెప్పిన మాటలో ఈ లెక్కంతా ఉంది.

మరి ఇంట్లో స్టెబిలైజరు ఉండగా ఇలా ఎందుకు జరిగిందంటే, ఆ స్టెబిలైజరు కంప్రెసరు లైనుకు మాత్రమే రక్షణ ఇస్తోంది. చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటును స్టెబిలైజరుకు ముందున్న చోటు నుంచే తీసుకున్నారు. ఆ కలయికను స్టెబిలైజరు అవుట్‌పుట్ వైపుకు మార్చగానే తెర స్థిరపడింది, కాంటాక్టరు చప్పుడు ఆగింది. కొత్తగా ఏ వస్తువూ కొనవలసిన పని పడలేదు. అదే సమయంలో ఆ కుర్రవాడు ఎంసీబీ (కరెంటు తెంచే స్విచ్) దించి, థర్మోస్టాటును గోడ పలక నుంచి ఊడదీసి సి తీగను చూపించాడు: రాగి పోగుల్లో ఒకటి రెండు పక్కకు విరిగి ఉన్నాయి, తీగ చివర నల్లబడి ఉంది. కొస కత్తిరించి, తొడుగు మళ్లీ ఒలిచి, టెర్మినల్‌లో లోపలిదాకా నెట్టి, వేలితో మెల్లగా లాగి ఊడిరాలేదని నిర్ధారించుకున్నాకే మూత పెట్టాడు. కరెంటు తిరిగి వెళ్లే దారి ఆ సి తీగే. అది సరిగ్గా అంటకపోతే ఈ పరికరం మిగతా తీగల నుంచి కొద్దికొద్దిగా కరెంటు తీసుకుని లోపలి బ్యాటరీని నింపుకోవడానికి ప్రయత్నిస్తుంది. అది చాలక ముందు వైఫై తెగిపోతుంది, ఆ తర్వాత తెర ఆరిపోతుంది.

వానకాలంలో మళ్లీ తెర నల్లబడింది, కానీ ఈసారి కారణం పూర్తిగా వేరు. వోల్టేజీ సరిగ్గానే ఉంది. గాలిలో తేమ ఎక్కువై ఇండోర్ యూనిట్ కింది ట్రేలో నీరు నిండింది, డ్రెయిన్ పైపులో పచ్చటి నాచు అడ్డుపడింది, నీటితో పాటు పైకి తేలిన ఫ్లోట్ స్విచ్ 24 వోల్టుల లైనును తెంచేసింది. ఫాల్స్ సీలింగ్ తడిసిపోకుండా కాపాడే ఏర్పాటు అది. పైపు కడిగించగానే అన్నీ తిరిగి పనిచేశాయి. కొందరు మెకానిక్‌లు ఆ స్విచ్ తీగలు రెండింటినీ ముడివేసి పని అయిందనిపిస్తారు; దానికి మాత్రం దయచేసి ఒప్పుకోకండి.

తయారీదారులపై నాకున్న అసంతృప్తి ఒక్కటే. పెట్టెలో వచ్చిన పుస్తకమంతా అమెరికా తీగల రంగుల గురించే చెబుతుంది. తెర ఆరిపోతే ఎక్కడ వెతకాలో సూటిగా చెప్పదు. సెట్టింగులలో లోపలికి వచ్చే వోల్టేజీ, బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తాయన్నది నిజమే గానీ, తెర చీకటైనప్పుడు అవి చూసే వీలుండదు. కాబట్టి అంతా బాగున్న రోజునే ఆ అంకెలను రాసి పెట్టుకోవడం మంచిది. వెనక వైపు యూఎస్‌బీ రంధ్రం ఉన్న మోడలైతే ఫోను ఛార్జరుతో కాసేపు నింపి చూడవచ్చు. అప్పుడు లేచి, గోడకు పెట్టాక మళ్లీ పడుకుంటే, ముందుగా తీగలనూ సరఫరానూ వెతకాలి.

24 వోల్టుల నియంత్రణకు మార్చుకోగల డక్టెడ్ ఏసీ, మీటరు పట్టుకుని వచ్చే మెకానిక్, రెండూ అందుబాటులో ఉన్నవారు దీన్ని నిస్సంకోచంగా తెప్పించుకోవచ్చు. తమ బోర్డులతో సొంత సంకేతాల్లో మాట్లాడుకునే ఇన్వర్టర్ డక్టెడ్ యూనిట్లకు ఇది సాధారణంగా కుదరదు. వరంగల్, కాజీపేటల్లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి స్ప్లిట్ ఏసీలే కనుక, వాటికి రిమోటు సంకేతాలను పంపే చిన్న వైఫై పరికరం చాలు. దానికి కావలసింది 5 వోల్టుల అడాప్టరు మాత్రమే.