ఆత్రేయపురం పూతరేకులు: రేకు ఆవిడది, మాట మరిదిగారిది

మొన్న శనివారం వాడపల్లి వెంకన్న దర్శనం అయ్యాక ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొన్నాం. షాపు పేరు చెప్పను లెండి, ఎందుకొచ్చిన గొడవ. బోర్డు మీద మాత్రం ఒకావిడ పేరు పెద్దక్షరాల్లో, పక్కన ఫోటో కూడానూ.

రేకు మాత్రం అదిరిపోయిందండి. వెనక పాకలోకి వెళ్ళి చూడనిచ్చారు, ఎండు కొబ్బరాకుల మంట మీద బోర్లించిన కుండ, జయ బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి అలా ఒక్క లాగు లాగితే రేకొచ్చేస్తుంది, ఆ సెగకి నేను రెండు నిమిషాలు నిలబడలేకపోయా, వాళ్ళు పొద్దుట్నించీ అక్కడే. అందరూ ఆడవాళ్ళే. 2023లో ఈ రేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ ముద్ర) వచ్చిందంటే ఆ చేతుల పుణ్యమే. నా ఓటు బెల్లం వాటికి.

ఇక తేడా ఎక్కడొచ్చిందంటే, పోయినేడు తింటే చేతికి నెయ్యి అంటుకునేది, ఈసారి లోపల పొడిపొడిగా ఉంది. హైదరాబాదులో చెల్లికి కొరియర్ చేయిస్తే సగం నలిగి పొడైపోయాయి, అట్టపెట్టె అంత పల్చన. ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది. "నేనూ అదే మొత్తుకున్నానమ్మా, నెయ్యి తగ్గించొద్దు పెట్టె గట్టిది తెమ్మని, అవన్నీ మా మరిదిగారు చూస్తారు, ఆయన్నడగండి" అంది. లైసెన్సు ఆవిడ పేరు మీదేనంట, ఆయ్!

సర్పంచ్ ఆవిడైతే కుర్చీలో మొగుడు కూర్చునే వ్యవహారం మనకి కొత్తేం కాదుగా. ఇలాంటి చిన్న షాపుల జోలికి చట్టం రాదు గానీ పెద్ద కంపెనీల్లోనూ ఇదే తంతు. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల (అంటే షేర్ మార్కెట్లో ఉన్నవాటి) డైరెక్టర్ల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది, కొన్నిచోట్ల ఓనర్ గారి భార్యో కూతురో వచ్చి కూర్చున్నారు. తర్వాత షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ 2019 ఏప్రిల్ నుంచి టాప్ 500 కంపెనీల్లో, 2020 ఏప్రిల్ నుంచి టాప్ 1000లో ఇండిపెండెంట్ మహిళా డైరెక్టరే ఉండాలంది, అంటే ఓనర్ల చుట్టం పనికిరాదన్నమాట. నార్వేలో అయితే పెద్ద కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్ళు ఏకంగా 40 శాతం ఉండాలి.

మా ఆయనకి ఇది చెప్తే "రూలు పెట్టి కూర్చోబెడితే టాలెంట్ ఏవైపోవాలి" అన్నారు. మరి మరిదిగారు ఏ టాలెంట్‌తో కూర్చున్నారో, ఆ కుండ మీద ఒక్క రేకు చిరగకుండా తీసి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటా. రూలు ఉండాల్సిందే, అదీ ఒక్కరితో సరిపెట్టకూడదు, పదిమంది మగాళ్ళ మధ్య ఒక్కత్తే ఉంటే టీ చెప్పమనేది కూడా ఆవిడకే.

ఐదు మార్కులకి రేకుకి 5, నెయ్యికి 2, పెట్టెకి 1. కొరియర్ పెట్టించకండి, చేత్తో తెచ్చుకోండి. ఆవిడ కౌంటర్లో ఉన్నప్పుడు వెళ్తే అడక్కుండానే ఇంకో చెంచా నెయ్యి వేయిస్తుంది, మరిదిగారు మధ్యాహ్నం భోజనానికి వెళ్తారంట.