పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: తెలుగులో పని చేసుకునేవాళ్లు మారొచ్చా?

నాది ఇంటెల్ సెవెంత్ జెన్ (ఏడో తరం) ఐ5 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్. విండోస్ 11 ఇంటెల్‌లో మామూలుగా ఎయిత్ జెన్ నుంచే అడుగుతుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోతుందని ముందే తెలుసు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్‌ను మూలన పడేయడానికి మనసొప్పక, 2024లో లినక్స్ మింట్ 22 (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) రాగానే వేసేశాను. అప్పట్నుంచీ రోజూ దాని మీదే పని.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పడానికేమీ లేదు. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్ చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. మింట్‌తో వచ్చే సినమన్ డెస్క్‌టాప్‌లో స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ అలవాటైన చోటే ఉంటాయి. మా ఇంట్లోవాళ్లు చాలా రోజులు అది విండోసే అనుకున్నారు.

అసలు సంగతి తెలుగు. లినక్స్‌లో ఇతర భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ అనే ప్రోగ్రామ్‌లో ఎం17ఎన్ అనే భాషల ప్యాకేజీ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్లు దొరుకుతాయి. నాకు ఇన్‌స్క్రిప్ట్ అలవాటు కాబట్టి టైపింగ్‌కు ఇబ్బంది రాలేదు. చిక్కంతా వేరేవాళ్ల ఫైళ్లతోనే. గౌతమి ఫాంట్‌లో చేసిన వర్డ్ ఫైల్‌ను లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్‌కు బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిస్తే, ఆ ఫాంట్ ఇక్కడ ఉండదు కాబట్టి వేరేది వచ్చి కూర్చుంటుంది. లైన్ల మధ్య ఎడం మారి, ఒక పేజీలో ముగియాల్సిన ఉత్తరం సంతకం ఒక్కటే రెండో పేజీకి జారుతుంది. ఇంకో తిరకాసు: లిబ్రేఆఫీస్ తెలుగును సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, అంటే అక్షరాలు కలిసి రూపం మారే లిపులు) లెక్కలో పెడుతుంది. డిఫాల్ట్ ఫాంట్, సైజు ఇంగ్లిష్‌కు వేరు, తెలుగుకు వేరు. ఇంగ్లిష్‌ది మార్చేసి తెలుగు మారలేదేమని జుట్టు పీక్కునేవాళ్లు ఉంటారు. స్టైల్‌లో ఒక్కసారి మండలి ఫాంట్ పెట్టుకున్నాక నాకు ఆ గొడవ లేదు. బయటికి పంపేవి మాత్రం పీడీఎఫ్ చేసే పంపిస్తాను.

అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ వాళ్లను మాత్రం మారమని చెప్పను. అవి లినక్స్ కోసం చేసినవి కావు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్‌లో ఎలాగోలా తెరిపించినా, గడువుకు పేజీలు ఇవ్వాల్సిన రోజున అది మొరాయిస్తే దిక్కెవరు? ట్యాలీ వాడేవాళ్లకూ, డిజిటల్ సంతకం డాంగిల్‌తో రిటర్నులు వేసేవాళ్లకూ ఇదే మాట.

నా పాత లేజర్ ప్రింటర్‌కు లినక్స్ డ్రైవర్ కుదరనే లేదు. పీడీఎఫ్ ఫోన్‌కు పంపి జిరాక్స్ షాపులో తీయించుకుంటున్నాను. కొత్తగా కొనేవాళ్లు డ్రైవర్ లేకుండా నడిచే నెట్‌వర్క్ ప్రింటర్ చూసుకోవడం మేలు.

అప్‌డేట్ పెట్టే ముందు మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పుడున్న స్థితికి కాపీ) తీసి ఉంచుతాను. ఒకసారి అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లగా ఉండిపోతే, దాంతోనే కాఫీ తాగేలోపు పాత స్థితికి తెచ్చుకున్నాను. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. రాసుకోవడం, బ్రౌజర్, సినిమాలే మీ పనైతే పడ్డ శ్రమకు ఫలితం ఉంటుంది. డిస్క్‌లో చోటుంటే మాత్రం విండోస్‌ను వెంటనే చెరిపేయకుండా కొన్నాళ్లు రెండూ పక్కపక్కన ఉంచుకోండి. ఏ పనికి మళ్లీ మళ్లీ విండోస్‌లోకి వెళ్తున్నారో అప్పుడే తేలుతుంది.